అడగని పది ప్రశ్నలు

మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు ఒకే గదిలో పనిచేసింది. ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల కౌంటరు పక్కన ఉండే పసిపిల్లల టీకాల గది అది. ఒక బల్ల, బరువు చూసే యంత్రం, టీకా సీసాలుంచే ఐస్ పెట్టె, గోడకు ఆనించిన రెండు బెంచీలు. ఆమెను ఆసుపత్రిలో అందరూ "తక్కెడక్క" అనేవారు. ఆ గదిలో తక్కెడ పోయి, ఎర్ర అంకెలు వెలిగే యంత్రం వచ్చి పదిహేనేళ్లయినా పిలుపు మాత్రం మారలేదు.

ఆమె హస్తవాసి మంచిదని పేరు. సూది గుచ్చి తీసేదాకా పిల్లలకు తెలిసేది కాదు. తెలిసి నోరు తెరిచేలోపే దూది అద్ది, "అయిపోయింది దొరగారూ, ఇక దయచేయండి" అనేది. పిల్లలందరూ ఆమెకు దొరగార్లే, దొరసానమ్మలే. తల్లులు మాత్రం ఆమె కంటికి ఆనేవారు కాదు. "పిల్ల తొడ చూపిస్తే ఎవరి పిల్లో చెప్పేస్తాను. తల్లి మొహం చూపిస్తే మాత్రం నావల్ల కాదు" అని తనే నవ్వుతూ చెప్పుకునేది. అదో గొప్పగా ఉండేది ఆమెకి. మధ్యాహ్నం పన్నెండు దాటితే తన గది ముందు లైను ఉండదన్నది ఇంకో గొప్ప.

ఈ రెండు గొప్పలూ కలిసి ఆమెను ఎక్కడికి తీసుకెళ్లాయో ఆమే చెప్పింది. నాకొక్కదానికే కాదు, ఆ తర్వాత పనిలో చేరిన ప్రతి కొత్త నర్సుకీ చెప్పింది. నేను విన్నది విన్నట్టే రాస్తున్నాను.

ఆ ఏడాది ప్రసూతి విభాగానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. వస్తూనే పది ప్రశ్నల కాగితం ఒకటి పెట్టింది. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించడానికి వచ్చిన ప్రతి తల్లినీ ఆ పది ప్రశ్నలూ అడగాలి. గత వారం రోజుల్లో మనసు తేలిగ్గా ఉందా, నవ్వు వస్తోందా, కారణం లేకుండా భయమేస్తోందా, పాప పడుకున్నా నీకు నిద్ర పట్టడం లేదా, ఏడుపొస్తోందా, ఇలాంటివి. ప్రతి జవాబుకీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం ఒక హద్దు దాటితే ఆ తల్లిని డాక్టరమ్మ దగ్గరికి పంపాలి. పదో ప్రశ్న, నీకు నువ్వు ఏదైనా చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి సున్నా కాక ఇంకేం వచ్చినా మొత్తం ఎంతని చూడనక్కర్లేదు, ఆ పూటే పంపాలి.

డాక్టరమ్మ నర్సులందరినీ కూర్చోబెట్టి ఒక పూటంతా నేర్పింది. "తలుపు వేసి అడగండి. మొగుడైనా అత్తయినా బయటే ఉండాలి. అడిగాక ఆగండి. రెండో ప్రశ్నకి పరిగెత్తకండి. బిడ్డ పుట్టాక డిప్రెషన్ వచ్చిన తల్లి ఏడుస్తూనే రానక్కర్లేదు. చక్కగా తల దువ్వుకుని కూడా వస్తుంది" అంది.

పెద్దమ్మ ఆవలింత ఆపుకుంది. బయటికి వచ్చాక పక్క నర్సుతో, "నాకు ముగ్గురు పుట్టారు. నవ్వొస్తోందా అని నన్నెవరడిగారు? నవ్వడానికి తీరికెక్కడిది?" అంది.

మొదటి పది రోజులూ అడిగింది, కాదని కాదు. కానీ తలుపు వేయలేదు. ఒక చేత్తో పిల్ల తొడ పట్టుకుని, రెండో చేత్తో సూది సర్దుకుంటూ, బెంచీ మీదున్న వాళ్లందరికీ వినబడేలా అడిగింది. ఒక అత్తగారు కోడలి తరఫున టకటకా జవాబులు చెప్పేసింది. "దానికేం దిగులు? మూడు పూటలా నేనే వండి పెడుతున్నా." ఇంకొకామె మొగుడి మొహం చూసి, "అన్నీ బాగానే ఉన్నాయండీ" అంది. అందరూ అదే మాట. పెద్దమ్మకు విసుగొచ్చింది. అందరూ బాగానే ఉన్నామని చెప్పేదానికి అడగడమెందుకు? ఒక్కో కాగితానికి ఎనిమిది నిమిషాలు. పన్నెండు దాటినా లైను మిగిలిపోతోంది.

పదకొండో రోజు నుంచి అడగడం మానేసింది. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు ఆ పూట కాగితాలన్నీ ముందేసుకుని తనే నింపేసేది. మొదట్లో అన్నీ సున్నాలే పెట్టింది. తర్వాత అన్నీ సున్నాలైతే అనుమానం వస్తుందని, కూరలో ఉప్పు చల్లినట్టు అక్కడో ఒకటి, ఇక్కడో ఒకటి వేసింది. మొత్తం మూడు, నాలుగు, ఐదు. ఎవరినీ ఎక్కడికీ పంపనక్కర్లేని అంకెలు. కింద సంతకం.

అలా నింపిన కాగితాల్లో ఒకటి కాలర్ల అమ్మాయిది.

ఆ అమ్మాయి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్ల వరుసలో పనిచేసేది. పెళ్లయిన రెండేళ్లకు పాప పుట్టింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ భవనంలో లిఫ్టు ఆగిపోతే అక్కడికి పరిగెత్తే పని, ఇంట్లో ఉండేది తక్కువ. టీకా తేదీ వచ్చిందంటే ఆ అమ్మాయి గది తలుపు తీయకముందే బెంచీ మీద ఉండేది. పాప గోళ్లు కత్తిరించి ఉండేవి, చెవుల వెనక కూడా మురికి ఉండేది కాదు. కార్డు ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా ఉండేది. టీకా లేని రోజుల్లో కూడా బరువు చూపించుకోవడానికి రెండుసార్లు వచ్చింది. తల్లుల మొహాలు గుర్తుండని పెద్దమ్మకు ఈ అమ్మాయి మొహం మాత్రం గుర్తుండిపోయింది.

"చూడండమ్మా, ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి. పిల్లని పువ్వులా పెట్టుకుంది" అని అందరి ముందూ మెచ్చుకునేది. అలా అన్నప్పుడల్లా ఆ అమ్మాయి తల దించుకునేది. బిడియం అనుకుంది పెద్దమ్మ. పాపను యంత్రం మీద పడుకోబెట్టాక, "ఇక ఎత్తుకో" అని చెప్పేదాకా ముట్టుకునేది కాదు. చెప్పిన మాట వినే పిల్ల అనుకుంది. "బరువు సరిపోయిందా అక్కా?" అని ఒకటికి మూడుసార్లు అడిగేది. జాగ్రత్త అనుకుంది.

పది వారాల టీకా రోజున ఆ అమ్మాయి కొత్త ప్రశ్న వేసింది.

"అక్కా, పాపని వేరేవాళ్లు పెంచినా ఇలాగే బరువు పెరుగుతుందా?"

పెద్దమ్మ కార్డు మీద బరువు రాస్తూ, "ఎందుకు పెరగదూ? పాలు పడితే ఎవరి దగ్గరైనా పెరుగుతుంది. ఏం, ఎవరికైనా ఇచ్చేస్తావా? నాకిచ్చెయ్, ముగ్గురు మగపిల్లలతో విసిగిపోయా" అంది. బెంచీల మీద వాళ్లంతా నవ్వారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "తీసుకుంటారా?" అంది.

"ఓ, నిక్షేపంగా!" అంది పెద్దమ్మ.

ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఈ ముచ్చట తోటి నర్సులకు చెప్పి మళ్లీ నవ్వించింది.

పద్నాలుగు వారాల టీకా రోజున కాలర్ల అమ్మాయి మామూలుగానే అందరికన్నా ముందు వచ్చింది. ఈసారి చేతిలో పెద్ద సంచీ ఉంది. పాపను యంత్రం మీద పడుకోబెట్టింది. "సీసా కడుక్కుని వస్తా అక్కా" అని వెళ్లింది. పెద్దమ్మ బరువు చూసింది, సూది వేసింది, దూది అద్దింది. తల్లి రాలేదు. పాప ఏడుపు అందుకుంది. తర్వాతి తల్లి తన పిల్లాణ్ణి బల్ల మీద పెట్టాలి. పెద్దమ్మ పాపను భుజాన వేసుకుని ఇంకో నలుగురికి సూదులు వేసింది. అప్పుడు బల్ల కింద సంచీ కనబడింది. తీసి చూస్తే అందులో ఉతికి మడతపెట్టిన పాప బట్టలన్నీ ఉన్నాయి. రెండు పాల డబ్బాలున్నాయి. కడిగిన సీసాలు నాలుగున్నాయి. కార్డు, దాని కవరు.

పెద్దమ్మ సూది బల్ల మీద పెట్టేసి, పాపతో సహా వరండాలోకి పరిగెత్తింది.

ఆసుపత్రి అంతా వెతికారు. దుప్పట్లు ఆరేసే వెనక మెట్ల మీద ఊడ్చే అవ్వకు కనబడింది ఆ అమ్మాయి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చునుంది. అవ్వ పక్కన కూర్చుని, "పాపేదమ్మా?" అని అడిగితే, "తక్కెడక్క తీసుకుంటానంది. నాకన్నా ఆమె బాగా చూస్తుంది" అంది. మరి ఇంటికి వెళ్లకుండా ఇక్కడెందుకు కూర్చున్నావంటే, ఎక్కడికి వెళ్లాలో తెలియలేదంది.

డాక్టరమ్మ తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. అర్ధగంట మాట్లాడింది. పది ప్రశ్నలూ తనే అడిగింది. ఇరవై ఒకటి వచ్చింది. పదో ప్రశ్నకు ఆ అమ్మాయి చాలాసేపు గోళ్లు చూసుకుని, "అప్పుడప్పుడు" అంది.

తర్వాత పాత ఫైలు తెప్పించి, పెద్దమ్మను పిలిచింది.

"సిస్టర్, ఆరు వారాలప్పుడు నాలుగే వచ్చింది. అడిగింది మీరేగా? అప్పుడెలా ఉంది ఈ అమ్మాయి?"

గదిలో ఆ అమ్మాయి ఉంది. కబురందుకుని, చేతులకు గ్రీజు మరకలతోనే వచ్చిన భర్త ఉన్నాడు. చెప్పాల్సిన మాట పెద్దమ్మ గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్ల పేరు అడ్డం వచ్చింది.

"బాగానే ఉన్నానని చెప్పింది మేడమ్" అంది.

డాక్టరమ్మ ఫైలులో ఒక వాక్యం రాసింది. అడిగినప్పుడు తన పరిస్థితి దాచింది, అని.

భర్త భార్య వైపు తిరిగాడు. కోపం కాదు, దెబ్బ తగిలినట్టున్నాడు. "అడిగినవాళ్లకి కూడా చెప్పలేదా? నాకైతే తీరిక లేదు, నేను అడగలేదు. ఆమె అడిగినప్పుడైనా చెప్పొచ్చుగా?"

ఆ అమ్మాయి కాగితం చేతికి తీసుకుంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. "ఎప్పటిలాగే నవ్వగలుగుతున్నాను... ఇలా చెప్పానా?" అని పెద్దమ్మ వైపు చూసింది. "నన్ను ఇవి అడిగారా అక్కా? నాకసలు గుర్తు రావట్లేదు."

పెద్దమ్మ బల్ల మీదున్న ఫైలు అంచు సర్దింది.

"అడిగే ఉంటారులెండి" అని తనే సర్దుకుంది. "ఈ మధ్య నాకేం గుర్తుండట్లేదు. స్టవ్ ఆపానో లేదో కూడా."

"రెండు నెలల కిందటి మాట కదమ్మా. ఎవరికి మాత్రం గుర్తుంటుంది?" అంది పెద్దమ్మ.

ఆ అమ్మాయి తలూపింది. నమ్మింది.

ఆ రోజు నుంచి మందులు మొదలుపెట్టారు. ఆ అమ్మాయి అక్క వచ్చి ఇంట్లో ఉంది. ఒక్కదాన్నీ వదలొద్దని, మాత్రలు అక్క చేతిలోనే ఉంచమని, మూడు రోజులకోసారి తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఇదంతా సరిగ్గానే జరిగింది. సరిగ్గా లేనిది పెద్దమ్మే. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పెదనాన్న ఏమైందని అడిగితే పంటి నొప్పి అంది. నిజంగానే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నోరు తెరిచి కూర్చుంది కూడా. ఆయన చూసి, "పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి" అన్నాడు.

నేరం ఒప్పుకుందామని రోజూ అనుకునేది. మళ్లీ తనే సర్దిచెప్పుకునేది. ఇప్పుడు వైద్యం జరుగుతోందిగా, ఆ కాగితంతో పనేముంది, పాత సంగతి తవ్వితే ఎవరికి లాభం? ఈ సర్దుబాటుతో పది రోజులు గడిపింది.

పదకొండో రోజు డాక్టరమ్మ వరండాలో ఎదురై, "సిస్టర్, ఆ కాలర్ల అమ్మాయి విషయం. దిగులు సంగతి అలా ఉంచి, జ్ఞాపకశక్తి నన్ను కంగారు పెడుతోంది. మీరు అడిగిందీ తను చెప్పిందీ ఒక్క ముక్క గుర్తు లేదంటోంది. తల స్కాన్ తీయించాలి, మందు కూడా మార్చాలేమో. 'ఏం మాట్లాడానో నాకే తెలియనప్పుడు పాపని నా చేతికెలా ఇస్తారు' అని పిల్లని ముట్టుకోవడం కూడా మానేసింది" అంది.

పెద్దమ్మకు అప్పుడు అర్థమైంది. తను రాసిన అబద్ధం ఆ అమ్మాయి తలలోకి వెళ్లి రోగమై కూర్చుంది. ఉన్న రోగం కనిపెట్టలేదు సరికదా, లేనిదొకటి అంటగట్టింది.

"ఇప్పుడెక్కడుంది మేడమ్ ఆ పిల్ల?"

"నా గదిలోనే."

పెద్దమ్మ లోపలికి వెళ్లింది. అక్కాచెల్లెళ్లిద్దరూ కుర్చీల్లో ఉన్నారు. పాప అక్క ఒళ్లో ఉంది. భర్త కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ కూర్చోలేదు.

"అమ్మా, నీకు మతిమరుపు లేదు. నేను నిన్ను అడగలేదు. ఆ కాగితం నేనే నింపాను. నిన్ను అడక్కుండా, నీ మొహం చూడకుండా నింపాను. నువ్వేం దాచలేదు. మొన్న నువ్వు నన్ను అడిగినప్పుడు కూడా అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ చేతిలోని పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టింది. అక్క, "ఏం మనిషివమ్మా నువ్వు!" అని గట్టిగా అంది. పెద్దమ్మ ఆ మాట కోసమే నిలబడినట్టు నిలబడింది.

కాలర్ల అమ్మాయి అక్క ఒళ్లో ఉన్న పాప వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "అయితే నాకు పిచ్చి ఎక్కట్లేదన్నమాట" అంది.

"లేదమ్మా."

"నన్ను ఎవరూ అడగలేదన్నమాట."

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను ప్రతిసారీ అనుకునేదాన్నక్కా, ఇవాళ అడుగుతారు అని. మందుల కౌంటరు దగ్గర గోడకి రాసుందిగా, తల్లి ఆరోగ్యం గురించి కూడా అడుగుతాము అని. అది చదివాను. అడిగితే చెప్దామని ఇంటి దగ్గర మాటలు సర్దుకుని వచ్చేదాన్ని. మీరు అందరి ముందూ నన్ను మెచ్చుకునేవాళ్లు. ఇక ఎలా చెప్పను?"

భర్త కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ గదిలో తలెత్తి ఉన్నది ఆ అమ్మాయి ఒక్కతే అని పెద్దమ్మ చెప్పేది.

డాక్టరమ్మ ఫైలు తెరిచి తను రాసిన వాక్యాన్ని కొట్టేసింది. పక్కన సంతకం చేసింది. స్కాన్ ఆపేసింది. తర్వాత పెద్దమ్మ చేతిరాతతో ఉన్న కాగితాలన్నీ బీరువాలోంచి తీయించింది. అడిగినవి పదిహేడు, అడగనివి అరవై మూడు. పెద్దమ్మే వేరుచేసి ఇచ్చింది.

పైవాళ్లు విచారణ పెట్టారు. ఆరు నెలలు టీకాల గదిలోకి రాకూడదని, స్టోరులో దూది కట్టలు లెక్కపెట్టమని పంపారు. అంతకన్నా ముందు డాక్టరమ్మ వేసిన శిక్ష వేరు. "మిగిలిన అరవై ఇద్దరి దగ్గరికీ వెళ్లాలి. ప్రశ్నలు కొత్తగా చేరిన చిన్న సిస్టర్ అడుగుతుంది. అడిగేముందు జరిగింది మాత్రం మీ నోటితో మీరే చెప్పాలి" అంది.

యాభై ఒక్క మంది దొరికారు. మిగతావాళ్లు ఇళ్లు మారిపోయారు. ప్రతి గుమ్మంలోనూ పెద్దమ్మ అదే వాక్యం చెప్పింది. "అప్పుడు నేను మిమ్మల్ని అడగలేదమ్మా. అడిగినట్టు రాశాను." కొందరికి అదేమిటో అర్థం కాలేదు, నవ్వి లోపలికి రమ్మన్నారు. ఒక మామగారు తలుపు మొహాన వేశాడు. చెప్పి చెప్పి మాట అలవాటవుతుందనుకుంది. యాభయ్యో గుమ్మంలోనూ మొదటిసారి చెప్పినట్టే చెవులు వేడెక్కాయి.

చిన్న సిస్టర్ తలుపు వేసి అడుగుతుంటే పెద్దమ్మ మూల కూర్చుని వినేది. అడిగాక ఆగడమంటే ఏమిటో అక్కడ చూసింది. ఒక తల్లి మూడో ప్రశ్నకు జవాబు చెప్పేలోపు గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. అప్పటిదాకా అన్నిటికీ బాగుందన్న ఆ మనిషి, మీగడ వైపు చూస్తూ, "పాప ఏడిస్తే నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుంటాను, వినబడకుండా" అంది. యాభై ఒక్క మందిలో ఐదుగురిని ఆ వారంలోనే డాక్టరమ్మ చూసి వైద్యం మొదలుపెట్టింది. ఇంకో ముగ్గురికి అప్పటికే తగ్గిపోయింది. వాళ్లలో ఒకామె, "ఇప్పుడు బాగానే ఉన్నాను. కానీ మావాడు మూడో నెలలో ఎలా ఉండేవాడో అడగకండి. ఫొటోలు చూస్తే ఎవరి పిల్లాడో అన్నట్టుంటుంది" అంది. ఆ పిల్లాడి మూడో నెల బరువు పెద్దమ్మకు గ్రాములతో సహా గుర్తుంది. అది నోటిదాకా వచ్చింది, మింగేసింది.

కాలర్ల అమ్మాయికి నయం కావడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ వెనక్కి జారింది. మందు మోతాదు మార్చారు. భర్త వారానికి రెండు పూటలు పని మానుకుని పాపకు స్నానం చేయించడం నేర్చుకున్నాడు. మొదట్లో పాప చేతిలోంచి జారుతుంటే, "లిఫ్టుకైనా బ్రేకుంది, దీనికి లేదు" అనేవాడట. అది విని ఆ అమ్మాయి నవ్విందని, ఆ సంగతి అక్క డాక్టరమ్మకు ప్రత్యేకంగా ఫోన్ చేసి చెప్పిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత కాలర్ల వరుసలో మొదట సగం పూట, పిదప పూర్తి పూట పనికి వెళ్లింది.

ఆరు నెలలయ్యాక పెద్దమ్మ తిరిగి టీకాల గదికి వచ్చింది. ఇప్పుడక్కడ రెండు లైన్లు. ఒకటి చిన్న సిస్టర్‌ది, రెండోది పెద్దమ్మది. గదిలోపల చెక్కతో చిన్న అర ఒకటి కట్టించారు, తలుపుతో సహా. పెద్దమ్మ లైను మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా తరగదు. జనం సణుగుతారు. పాతకాలం వాళ్లు, "తక్కెడక్క ముసలిదైపోయింది, చెయ్యి ఆడట్లేదు" అనుకుంటారు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పదు.

కొత్త నర్సులకు ఈ కథ చెప్పేటప్పుడు కాగితాలు నింపిన సంగతి దాచకుండా చెబుతుంది. పాపను వదిలిపోయిన సంగతీ చెబుతుంది. ఆ అమ్మాయి "నన్ను ఇవి అడిగారా అక్కా" అన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతుంది. తను ఏమని జవాబిచ్చిందో చెప్పడానికి ఒక్కోసారి నీళ్లు తాగాలి, ఒక్కోసారి లేచి కిటికీ దాకా వెళ్లి రావాలి. "కాగితం నింపినప్పుడు ఆ పిల్ల నాకు కనబడలేదు. ఆ మాట అన్నప్పుడు ఎదురుగానే ఉంది" అంటుంది.

కాలర్ల అమ్మాయి పాప టీకాలకు తర్వాత కూడా ఆ గదికే వచ్చింది. చిన్న సిస్టర్ లైనులో నిలబడేది. పెద్దమ్మ కనబడితే తలూపేది. మాట్లాడేది కాదు. పెద్దమ్మ కూడా పలకరించి ఆమెను ఇబ్బంది పెట్టలేదు. క్షమించమని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆ అమ్మాయి మర్యాద కోసం సరేనంటుందని ఆమె భయం.

ఏడాదిన్నర టీకా రోజున పాప తల్లి వేలు విడిపించుకుని, తప్పటడుగులతో పరిగెత్తుకొచ్చి పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎర్ర అంకెల వైపు చెయ్యి చాపింది. పెద్దమ్మ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి, మళ్లీ ఆగిపోయాయి.

తల్లి వచ్చి పాపను ఎత్తుకుంది. ఎవరూ చెప్పకుండానే ఎత్తుకుంది, తేలిగ్గా, నడుం మీదికి వేసుకుని.

"రా తల్లీ, మన లైను ఇది కాదు" అంది. గొంతులో కోపం లేదు.

పెద్దమ్మ తల దించుకుని తర్వాతి కార్డు తీసుకుంది. దాని వెంట వచ్చిన తల్లి మొహం చూసి, "ముందు నువ్వు కూర్చోమ్మా" అంది.